గడప దాటిన గూడ్సు బండి

పోయిన నెల ఒక సోమవారం పొద్దున పాలు తీసుకుంటుంటే ఎదురింట్లోంచి చిన్నమ్మ కేక వినిపించింది. వెళ్లేసరికి కాక కుర్చీలోనే ఒరిగిపోయి ఉన్నారు. నిద్రలోనే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పారు.

వాళ్లిద్దరూ నాకు చుట్టాలు కారు. సూరత్‌లోని ఈ డిండోలికి కాపురానికి వచ్చిన కొత్తలో, తెలుగు మాట వినబడితే చాలు ప్రాణం లేచొచ్చే రోజుల్లో, పెద్దపల్లి యాసతో పలకరించి వరసలు వాళ్లే కలిపేశారు. ఈ ఊళ్లో నాకు పుట్టిల్లంటూ ఉంటే అది వాళ్ల హాలే.

కాక ఉధ్నా స్టేషన్‌లో గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరయ్యారు. పట్టాల పక్క క్వార్టర్‌లో ఉన్నప్పుడు ఆయన బండి వెళ్తుంటే చిన్నమ్మ వాకిట్లో నిలబడి పచ్చ జాకెట్టు గుడ్డ చూపించేదట. చివరి పెట్టెలోంచి కాక పచ్చ జెండా ఊపి బదులిచ్చేవారు. ఆ బదులు అందేదాకా ఆమె చెయ్యి దించేది కాదు. "నా స్టేషన్ మాస్టర్ ఈమెనే," అని మాకు పరిచయం చేసేవారు.

కిందటేడు పక్షవాతం వచ్చి చిన్నమ్మ మంచం పట్టింది. అప్పుడు కాక, రిటైరైనప్పుడు తోటివాళ్లిచ్చిన బొమ్మ గూడ్సు బండిని అటక మీంచి దింపారు. హాల్లోంచి ఆమె మంచం దాకా లైను వేస్తానన్నారు. చీరల అట్టపెట్టెలు కొండలయ్యాయి. మగ్గాల షెడ్డులో రాలే నూలు నూగుకి రంగు వేసి గడ్డి పరిచాం. నీలం జార్జెట్ ముక్క తపతి నది అయింది. "జర ఇస్త్రీ చెయ్యి బిడ్డా, ముడతలున్న నది మంచిగుండదు," అని నా చేత నదికి ఇస్త్రీ చేయించారు.

చిక్కంతా గది గడప దగ్గర వచ్చింది. పట్టాలకు సరిపడా కొంచెం కోస్తానన్నారు కాక. లోపల్నుంచి చిన్నమ్మ గయ్యిమంది.

"పసుపు రాసిన గడప మీద రంపం పెడ్తవా? నీ బండి రాకుంటే మానె, నా గడప జోలికి రాకు!"

సరేనని సోఫా దగ్గర్నుంచి గడప మీదికి ఏటవాలుగా ఎక్కుడు కట్టారు. ఇంజన్ సగం దాకా పోయి, చక్రాలు గిర్రున తిరిగి, వెనక్కి జారింది. కాక పడీపడీ నవ్వారు.

"నౌకరంత ఎన్కపెట్టెల కూసున్న. ముందట ఇంజన్ కష్టం నాకేమెరుక!"

మొత్తం పీకేసి, ఈసారి వంటింటి గుమ్మం దగ్గర్నుంచి మొదలుపెట్టారు. గోడ వెంబడి అట్టముక్కలు ఒక్కొక్కటే పెంచుకుంటూ వచ్చాం. "ఎక్కినట్టే తెలువొద్దు బిడ్డా, గట్ల ఎక్కాలె," అనేవారు. ఇంట్లో ఏ పని మీదికొచ్చినా ఇప్పుడు నాకు ఆ మాటే గుర్తొస్తోంది.

ఆయన పోయేనాటికి బండి గడప మీదికి వచ్చింది. లోపలికి దిగే పట్టాలే మిగిలాయి. "కొత్త పెండ్లికొడుకు లెక్క మొఖం చూపిచ్చి పోతున్నది," అని చిన్నమ్మ ఎగతాళి చేసేది. వచ్చేవారం మంచం కాడికే పంపిస్తానని కాక మాటిచ్చారు.

కర్మ అయిన మర్నాడు చిన్నమ్మ నన్ను పిలిచింది. "ఆ మిగిలిన పట్టాలు జర నువ్వే పెట్టరాదు బిడ్డా."

పెట్టాను. నా అతుకులు ఆయన అతుకులంత నున్నగా రాలేదు. జారుతుందేమోనని చెయ్యి వెనకే పెట్టుకుని బండిని వదిలాను. ఇంజన్ గోడ వెంట మెల్లగా ఎక్కింది, పసుపు గడప దాటింది, గదిలోకి దిగింది. చిన్నమ్మ దిండు కింద నుంచి పచ్చ జాకెట్టు గుడ్డ తీసి, స్వాధీనంలో ఉన్న చేత్తో పైకెత్తింది. వ్యాగన్లన్నీ ఆమె ముందు నుంచి వెళ్లాయి. గార్డు పెట్టె మంచం పక్కకొచ్చి ఆగింది.

బండి ఆగినా చెయ్యి దించలేదు. ఇక దించమన్నాను.

"ఆగు బిడ్డా," అంది పెట్టె వైపే చూస్తూ. "ఆయన ఇంకా జెండా చూపియ్యలే."

ఫ్యాను గాలికి ఆ పచ్చ గుడ్డ కదులుతూనే ఉంది.