డౌన్‌లోడ్ గారి భోషాణం

పళ్ళ ఆసుపత్రి వరండాలో టోకెన్ నంబర్లు పిలిచే మనిషికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. జీతం కాగితం మీద తప్ప అది ఇంకెక్కడా వాడుకలో లేదు. నర్సు దగ్గర్నుంచి బుగ్గ వాచి వచ్చిన రోగి దాకా అందరికీ ఆయన డౌన్‌లోడ్ గారే. ఆ వరండాలో ఎవరు ఏ వీడియో మాటెత్తినా "అది నా దగ్గరుంది" అనేవాడు. ఉన్నవాడికి లోకం 'గారు' తగిలిస్తుంది కదా, ఆ లెక్కన తగిలించారు.

ఆయన పనితనం చూసి తీరవలసిందే. వరండాలో మంచినీళ్ళ ఫిల్టరు పైన వైఫై డబ్బా ఉంది. దాని కింద ఉన్న కుర్చీ ఆయనది. ఫోన్లో బ్రౌజర్ తెరిచి ఏదో ఒక వీడియో పేజీకి వెళ్ళేవాడు. వీడియోను ఆడించేవాడు కాదు. చూస్తూ కూర్చుంటే ఇక దాచుకునేదెప్పుడు? బొటనవేలితో పేజీని అడుగు తగిలేదాకా కిందికి లాగేవాడు. అలా లాగకపోతే తోక మిగిలిపోయి వీడియో సగమే దిగుతుందని ఆయన నమ్మకం. ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకుండా పుట్టిన నమ్మకాలకే బలమెక్కువ. అడుగు తగిలాక మూలనున్న మూడు చుక్కలు నొక్కి, అందులో కిందికి చూసే బాణం నొక్కేవాడు. "దిగింది" అని బ్రౌజర్ చెప్పేది. ఆయన ముఖం వెలిగిపోయేది. ఈ సంబరంలో పధ్నాలుగు తర్వాత పదహారు పిలిచేవాడు. పదిహేనో నంబరు మనిషి దవడ పట్టుకుని పోట్లాటకు వచ్చేవాడు.

నాలుగేళ్ళలో ఇలా వెయ్యిన్నూట ఎనభై నాలుగు పోగేశాడు. కారు ఇంజన్ విప్పడం ఎలా, పడవ కట్టడం ఎలా, తేనెటీగలను పెంచడం ఎలా. ఆయనకు కారు లేదు, పడవ లేదు, తేనెటీగ కనిపిస్తే ఆమడ దూరం పరిగెత్తే రకం. ఉన్నవాటిని మూడు పెట్టెలుగా విడదీశాడు: 'తప్పక చూడాల్సినవి', 'వెంటనే చూడాల్సినవి', 'రిటైరయ్యాక'. వెంటనే చూడాల్సినవే అన్నిటికన్నా ఎక్కువ, ఆరువందల పైచిలుకు. వాటిలో ఒక్కటైనా చివరిదాకా చూసిన పాపాన పోలేదు. అనుమానం వచ్చిన రోజున ఏదో ఒకటి తెరిచి, మధ్యనున్న త్రికోణం నొక్కి, నాలుగు క్షణాలు ఆడగానే "భేషుగ్గా ఉంది" అని మూసేసేవాడు. ఆ పరీక్ష ఎప్పుడూ వైఫై డబ్బా కిందనే జరిగేది. కొంప ముంచింది అదే.

ఆయన భార్య ఒక హాస్టల్ వంటింట్లో పన్నెండేళ్ళు పనిచేసింది. కూరగాయలు తరగడం, సూపు కాచడం, గంగాళాలు తోమడం ఆవిడ పని. ఆవిడ ఇంటికొచ్చి, "ఏమండీ, ఇవాళ హాస్టల్లో ఏమైందంటే..." అనేది. ఈయన బొటనవేలు ఆపకుండా, "ఒక్క నిమిషం, ఇది దిగనీ" అనేవాడు. అది దిగేది, ఇంకొకటి మొదలయ్యేది. అసలు ఫోను రాకముందు కూడా ఆయన ఏమంత వినేవాడు కాదు. అప్పుడు పేపరు అడ్డం, దానికి ముందు రేడియో అడ్డం. పందొమ్మిదేళ్ళ కాపురంలో ఆవిడ కబుర్లన్నిటికీ మొదళ్ళే తప్ప చివర్లు లేవు. హాస్టల్ మూసేసిన రోజున కూడా ఆవిడ "ఏమండీ, ఇవాళ..." అని మొదలుపెట్టి, ఆయన వేలి వంక చూసి, లేచి వెళ్ళి దీపం వేసింది.

ఆ తర్వాత రెండు నెలలు ఆవిడ ఇంట్లో తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ గడిపింది. అంతలో ఒక కబురొచ్చింది. కొండ మీద సొరంగం తవ్వుతున్న క్యాంపులో వంటమనిషి కావాలట. యాభై మందికి వండాలి. దగ్గర్లో బేకరీ లేదు గనక రొట్టె కూడా అక్కడే కాల్చాలి. మూడు రోజులు చేసి చూపించాలి. మూడో రోజు రొట్టె బాగుంటే ఉద్యోగం, లేకపోతే వచ్చిన వ్యానులోనే వెనక్కి. ఆవిడకు వంటంతా కొట్టిన పిండే, రొట్టె తప్ప. హాస్టల్‌కు రొట్టె బయటినుంచి వచ్చేది.

"నాకీ పని కావాలండీ" అంది భర్తతో. "ఈ వయసులో ఇంకోచోట నన్నెవరు పిలుస్తారు? రేపు వెళ్ళాలి. రొట్టె ఎలా చేస్తారో ఇద్దరం కూర్చుని చూద్దాం రండి."

"చూడ్డమెందుకు? ఒక్క రొట్టెల మీదే అరవయ్యొకటి ఉన్నాయి నా దగ్గర."

"అక్కడ సిగ్నల్ ఉండదట."

ఆ మాటకు డౌన్‌లోడ్ గారికి రోమాలు నిక్కబొడుచుకున్నాయి. సిగ్నల్ లేని చోటు! నాలుగేళ్ళ తపస్సుకు వరం ఇవ్వడానికి దేవుడు దిగొచ్చినట్టే అనిపించింది. "సిగ్నల్ లేని చోటే కదా మన విలువ తెలిసేది! నా ఫోన్ పట్టుకెళ్ళు" అన్నాడు.

ఆవిడ నమ్మలేకపోయింది. ఆ ఫోన్ ఆయన చేతిలోంచి స్నానానికి వెళ్ళినప్పుడు తప్ప దిగదు. నమ్మకం కుదరడానికి ఒకటి తెరిచి చూపించాడు. ఇంట్లో సిగ్నల్‌కు కొదవ లేదు గనక ఆడింది. ఎవరివో రెండు చేతులు పిండి కలుపుతున్నాయి. ఆవిడ ముందుకు వంగింది. "చాల్లే, అక్కడ తీరిగ్గా చూసుకుందువుగాని" అని మూసేశాడు. తెల్లారి ఆవిడ తన బటన్ల ఫోన్ ఆయనకిచ్చి, ఆయన అరచేతి వైకుంఠాన్ని సంచిలో వేసుకుని కూరగాయల వ్యానెక్కింది.

ఆ రోజు ఆసుపత్రిలో టోకెన్లన్నీ వరసగా పిలవబడ్డాయి. పాత రోగులు ఆశ్చర్యపోయి, ఆరోగ్యం బాగాలేదా అని ఆయన్ని పలకరించారు. ఆయన బొటనవేలు మాత్రం కుర్చీ చేతి మీద పైకీ కిందికీ కదులుతూనే ఉంది. సాయంత్రం ఇంట్లో ఉండగా బటన్ల ఫోన్ మోగింది.

"ఏమండీ, ఒక్కటీ ఆడట్లేదు" అంది ఆవిడ. క్యాంపు ఆఫీసు ఫోన్లోంచి మాట్లాడుతోంది.

"త్రికోణం నొక్కావా?"

"అరవయ్యొకటీ నొక్కాను. గుండ్రంగా ఏదో తిరుగుతోంది, అంతే."

"అయితే ఓసారి నెట్ ఆన్ చేసి చూడు."

"నెట్ ఉంటే మీ డౌన్‌లోడ్లెందుకండీ?"

ఆయన బటన్ల ఫోన్‌ను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

"ఇవాళ నేను చేసిన రొట్టె చూసి సూపర్‌వైజర్ ఏమన్నాడో తెలుసా? వీటిని సొరంగంలోకి పంపండి, తవ్వుకోడానికి పనికొస్తాయన్నాడు. యాభై మందీ నవ్వారు. పోనీ మీరే చెప్పండి. పిండి ఎంతసేపు నాననివ్వాలి? ఈస్ట్ ఏ నీళ్ళలో కలపాలి?"

అరవయ్యొకటి రొట్టెల ఆసామి కుర్చీలో సర్దుకు కూర్చున్నాడు. "నానితే దానికదే తెలుస్తుందిలే" అన్నాడు, మేకపోతు గాంభీర్యంతో.

"సరేలెండి. ఆఫీసు ఫోను, ఎక్కువసేపు మాట్లాడనివ్వరు" అని ఆవిడ పెట్టేసింది.

ఆయనకు అన్నం సహించలేదు. సిగ్గేసింది. భోషాణం నిండా సరుకుందని ఊరంతా చాటుకున్నాడు, ఇంటి మనిషికి అవసరమొస్తే చిటికెడు తీసివ్వలేకపోయాడు.

మర్నాడు నర్సును అడిగాడు. తన గురించని చెప్పలేదు, ఎవరో తెలిసినాయన అన్నాడు. నర్సు తన ఫోన్లో ఒక పేజీ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, బాణం నొక్కి, నెట్ ఆపేసి చూపించింది. గుండ్రం తిరిగింది.

"ఆ తెలిసినాయన దాచుకున్నది వీడియోని కాదండీ, వీడియో ఉన్న పేజీని" అంది. "నెట్ ఉంటే అది అప్పటికప్పుడు వీడియోని తెచ్చి ఆడిస్తుంది. లేకపోతే ఊరికే బొమ్మ. హోటల్ బోర్డు చూసి వంటకాల పేర్లు రాసుకొచ్చి, ఇంట్లో భోజనం ఉందనుకుంటే ఎలా?"

"వెయ్యిన్నూట ఎనభై నాలుగూ అంతేనా?"

"అంతేనండీ డౌన్‌లోడ్ గారూ" అని నర్సు మాస్కు పైకి లాక్కుంది. ఆ నవ్వు మాస్కుకు ఆగేది కాదు.

అప్పుడు ఆయన జీవితంలో ఎన్నడూ చేయని పనొకటి చేశాడు. కౌంటర్ మీదున్న కంప్యూటర్లో రొట్టె వీడియో ఒకటి పెట్టి, ఇరవై రెండు నిమిషాలూ కదలకుండా చూశాడు. రాసుకోవడానికి కాగితం కనబడక టోకెన్ చీటీల వెనక రాశాడు. ముప్పై నాలుగు చీటీలయ్యాయి. ఆ పూట ఇరవయ్యో నంబరు తర్వాత టోకెన్లే లేవు. రోగులు ఎవరికి నొప్పెక్కువో వాళ్ళలో వాళ్ళే తేల్చుకుని లోపలికి వెళ్ళారు.

సాయంత్రం క్యాంపు ఆఫీసుకు ఫోన్ చేశాడు. గుమాస్తా విసుక్కుంటూనే ఆవిడను పిలిచాడు.

"రాసుకో. మొదటిది. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. వేడిగా ఉంటే ఈస్ట్..."

"చచ్చిపోతుంది. తెలుసండీ."

"ఎలా తెలుసు?"

"వీడియోలు ఆడలేదు కానీ, వాటి కింద జనం రాసినవన్నీ ఉన్నాయి కదండీ. పేజీ అడుగుదాకా ఉన్నాయి. రాత్రి నిద్ర పట్టక అన్నీ చదివాను. ఒకావిడ వేడినీళ్ళు పోసి మూడుసార్లు చంపానని రాసింది. ఇంకొకాయన, ఈ లెక్కన నీళ్ళు పోస్తే జావ అవుతుంది, ముప్పావు వంతు చాలన్నాడు. దానికి ఇంకొకడు తిట్టాడు. ఆ తిట్టుకోవడంలో కొలతలన్నీ బయటపడ్డాయి. పెద్ద పొయ్యిలో కింది అరలో పెడితే అడుగు మాడుతుందట. ఒకాయన భార్య వెళ్ళిపోయిందట పాపం, రొట్టె మాత్రం కుదిరిందట. వీడియోలో ఆ మనిషి ఏం చెప్పాడో నాకు తెలీదు కానీ, ఏం తప్పు చెప్పాడో మొత్తం తెలిసింది. ఇవాళ పిండి పొంగిందండీ. రేపే ఆఖరు."

వ్యవహారం విరిగి నేతిలో పడింది. ఇంకొకడైతే తేలు కుట్టిన దొంగలా గమ్మునుండేవాడు. ఈయన రెండు క్షణాలు కూడా ఉండలేకపోయాడు.

"చూశావా మరి! నేను పేజీని అడుగుదాకా లాగబట్టే అవన్నీ దిగాయి!"

"అవునండీ. మీరు లాగబట్టే" అంది ఆవిడ. అది మెప్పో మరేదో ఆయనకు తెలియలేదు. "సరే, చదవండి."

"తెలుసన్నావుగా?"

"రాసుకొచ్చారు కదా. చదవండి, వింటాను."

ముప్పై నాలుగు చీటీలూ చదివాడు. మధ్యలో అవతల గుమాస్తా రెండుసార్లు దగ్గాడు. ఆవిడ ఆఖరి చీటీ దాకా ఊకొడుతూనే ఉంది. ఆవిడకు వినడం అలవాటే.

మూడో రోజు సూపర్‌వైజర్ రెండు రొట్టెలు అక్కడే తిని, మూడోది కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడట. ఉద్యోగం ఖాయమైంది. ఆదివారం ఆవిడ బట్టలు తీసుకెళ్ళడానికి కిందికొచ్చింది. ముఖంలో కొత్త కళ ఉంది, చేతి మీద పొయ్యి కాలిన మచ్చ ఉంది. అప్పటికే ఈయన వరండాలో, వీధిలో, పాలబూతు దగ్గర కూడా తన డౌన్‌లోడ్ల వల్లే భార్యకు ఉద్యోగం వచ్చిందని చాటింపు వేసేశాడు. ఆవిడ కాదనలేదు. ఫోన్ తీసి ఇచ్చింది.

ఆయన ఆత్రంగా తెరిచి చూశాడు. మూడు పెట్టెలూ ఖాళీ.

"అన్నీ తీసేశానండీ" అంది. "రొట్టెల సంగతులు పుస్తకంలో రాసుకున్నాను. నిజంగా ఫోన్లోనే ఉండేది ఒకటే ఉంచాను. అక్కడ నేనే తీశాను. చూడండి."

"ఆఁ, చూస్తా. తర్వాత" అన్నాడు. అలవాటున నోరు జారింది.

ఆవిడ బట్టలు మడత పెట్టుకుంది. సోమవారం పొద్దున వ్యానెక్కి వెళ్ళిపోయింది.

ఇల్లు బోసిగా ఉంది. అది ఆయనకు తాళం వేస్తుంటేనే తెలిసింది. వరండాలో వైఫై డబ్బా కింద కూర్చుని మొదట నెట్ ఆపేశాడు. అంతమాత్రం బుద్ధి వచ్చింది. అప్పుడు త్రికోణం నొక్కాడు. ఆడింది. పదకొండు నిమిషాల వీడియో. రేకుల వంటిల్లు, పెద్ద బల్ల, బల్ల మీద పిండి, ఆవిడ చేతులు. నాలుగు నిమిషాలు పిండి కలపడం తప్ప ఇంకేమీ లేదు. బొటనవేలు మూడు చుక్కల వైపు పోబోయింది. దాన్ని రెండో చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

ఆరో నిమిషంలో ఆవిడ తలెత్తకుండానే మాట్లాడింది. "ఏమండీ, హాస్టల్ మూసేసిన రోజు ఏమైందంటే... ఆ రోజు చెప్పబోయాను, మీదేదో దిగుతోంది. సూపు వడ్డించడం అయిపోయాక నేను గంగాళం తోమలేదండీ. తోమితే ఇక పని అయిపోయినట్టే కదా. పొద్దు గుంకేదాకా దాని ముందే కూర్చున్నాను. వార్డెనమ్మ వచ్చి, తాళం వెయ్యాలమ్మా అంటే అప్పుడు లేచి తోమాను. అంతే. పెద్ద సంగతేం కాదు."

తర్వాత పిండి మీద గుడ్డ కప్పింది. చేతులు తుడుచుకుంది. ఫోను ఆపడానికి దగ్గరికొచ్చి, ఒక్క క్షణం సూటిగా చూసింది.

"ఇంతదాకా విన్నారంటే, పందొమ్మిదేళ్ళలో మీరు నా మాట చివరిదాకా విన్నది ఇదేనండీ."

వీడియో ఆగిపోయింది. ఆయన కళ్ళు తడిశాయి. 

"విన్నాను" అన్నాడు నల్లటి తెరతో, పైకే.

ఎదురుగా బుగ్గ వాచి కూర్చున్న పెద్దాయన ఆ మాట తనతోనే అనుకున్నాడు. "వింటే మరి పిలవరేం? పావుగంట నుంచి చెబుతున్నాను, నాది పదిహేనని" అన్నాడు.