చాచా మెయిన్ దించే లోపు

జైనూర్ పైన ఉన్న ఆ గూడెంలో ఫోన్ సిగ్నల్ ఒక్కచోటే దొరుకుతుంది, దారి మలుపులో ఉన్న బండ మీద. ఆ సాయంత్రమంతా నేను దాని మీదే ఉన్నాను.

మంచినీళ్ల పైపు ఏ దారిన వేయాలో మర్నాడు పొద్దున ఇంజనీరు మ్యాపు చూసి తేలుస్తాడు. డ్రోన్ ఫొటోలు అతికించి ఆ మ్యాపు చేసింది నేను. మధ్యాహ్నం దాన్ని గూడెంలో పరిస్తే ఒక అక్క వంగి, వేలితో వెతికి, "సారూ, మా ఇల్లేది?" అంది. పై వరుస ఇళ్లు అంచులో తెగిపోయాయి. మ్యాపులో లేని ఇంటికి పైపు రాదు.

ఫొటోలన్నీ కరీంనగర్‌లో, ఇంటి ప్లాన్లు గీసే ఒక చాచా దుకాణంలో మూల బల్ల మీదున్న నా కంప్యూటర్ మిషన్‌లో ఉన్నాయి. ఫోన్లో ఆదేశాలు టైపు చేసి అందులోకి వెళ్లాను. వర్చువల్ డెస్క్‌టాప్ తెరవమంటే ఒకటో నెంబరుతో తెరుచుకుంది. అది మిషన్ లోపలే నడిచే తెర. బల్ల మీది మానిటర్‌లో కనిపించదు. దాని బొమ్మ ఫోన్లోకి వచ్చిన కాసేపట్లోనే పై ఇళ్ల ఫొటోలు కలిపి పని మొదలుపెట్టాను. అంతలో సిగ్నల్ పలచబడింది. బొమ్మ ఆగిపోయి, అక్షరాలు మాత్రం వస్తున్నాయి.

ఇక అడగడమే నా పని. ఒకటో నెంబరు నడుస్తోందా? నడుస్తోంది. ఫైలు పెరుగుతోందా? కొంచెం. లేచి అడిగాను, కూర్చుని అడిగాను. అడిగినంత మాత్రాన పని తొందరగా అవదని తెలుసు. అయినా వేలు ఆగలేదు.

చాచా ఫోన్ చేశాడు.

"ఏం రా, షట్టర్ దించుతున్న. నీ టీవీ నల్లగున్నది. మెయిన్ బంద్ చేస్తున్న."

ఒకసారి వైర్లు కాలి పొగ వచ్చినప్పటి నుంచి కరెంటు మెయిన్ దించనిదే చాచా ఇంటికి పోడు.

"వద్దు చాచా! లోపల పని నడుస్తుంది."

"నల్ల తెర నాకు కనవడుతలేదా?"

"పని చేసే తెర దాని మీద లేదు చాచా."

"మరి నా జేబుల ఉన్నదా? జైనూర్ల కూసొని నాకే కథలు చెప్తున్నవా?"

ఎలా నమ్మించాలి? అది పాత మిషన్, సీడీ ట్రే ఉంది. "జర దాని ముందట నిలవడు" అని, ట్రే తెరవమని ఆదేశం పంపాను.

అవతల ట్రే జారిన చప్పుడు. తర్వాత ఒక్క కేక.

"యా అల్లా! నీ డబ్బా నన్ను నాలుక సూపెట్టి ఎక్కిరిస్తుందిరా!"

"నేనే తెరిచిన, ఈడికెళ్లి. నమ్మినవా?"

"నమ్మిన గాని, ముందుగాల దాన్ని లోపలికి పెట్టుమను, బద్మాష్!"

"ఇగో, మూసిన. పని అయినంక మళ్ల తెరుస్త. మిషన్ లైటు ఆరినంక మెయిన్ దించు."

"సరే, నమాజ్ ఈడ్నే చదువుకుంట. జల్ది కానియ్యి."

కాసేపటికి ఫైలు పెరగడం ఆగింది. పూర్తయి ఆగిందా, మధ్యలో చచ్చిందా? చివరి వరుస చదివాను: పూర్తయింది. మ్యాపును ఇంజనీరుకు పంపమని, పై వరుస ముక్క ఒకటి నాకూ పంపమని మిషన్‌కు చెప్పాను. రెండూ వెళ్లాక ఒకటో నెంబరును మూసి, ట్రే తెరిచి, మిషన్ ఆపేశాను. కనెక్షన్ పోయిందన్న మాట ఫోన్ తెర మీదికి వచ్చింది.

బండ దిగి, సగం దారిలో మనసు ఊరుకోక మళ్లీ ఎక్కాను. ఇంజనీరు జవాబు అప్పటికే వచ్చి ఉంది: "పై వరుస కనిపిస్తోంది. రేపు అక్కడి నుంచే మొదలుపెడదాం."

అక్క వాకిట్లోనే నిలబడి ఉంది. ఫోన్లోని ముక్క చూపించాను.

"ఇదేనా అక్కా మీ ఇల్లు? కప్పు మీద ఎర్రగున్నయి, ఏంటివి?"

"మిరపకాయలు సారూ" అంది, ఫోన్ ముఖం దగ్గరికి తెచ్చుకుంటూ. "గవి గూడ పడ్డయా?"