బాదం అమ్మనన్న వెంకటసామి మామ

మా మేనమామ ఎస్. వెంకటసామి గారు గత శుక్రవారం మధ్యాహ్నం మధురైలోని ఆసుపత్రిలో కన్నుమూశారు. ఫోను వచ్చినప్పుడు నేను రాజపాళయంలోని మా రక్తపరీక్షల ల్యాబులో ఒక పెద్దాయన చేతికి సూది గుచ్చి ఉన్నాను. గొట్టం నిండేదాకా నిలబడ్డాను. తరువాత ఏం చేశానో జ్ఞాపకం లేదు. ఎదురుచూస్తున్న మరణమే; అయినా హృదయం దానికి సిద్ధపడలేదు.

ముప్పై ఏళ్లు ఆయన బస్టాండు దగ్గర బాదం, జీడిపప్పు, వేరుశెనగల అంగడి నడిపారు; అంగడికొచ్చేవారికి ఆయన ‘అణ్ణాచ్చి’, అంటే అన్న. స్థూలకాయులు. నలభై నిండకముందే మధుమేహం పట్టుకుంది. తన సరుకు గురించి ఏనాడూ అసత్యం పలకని వర్తకుడాయన.

ఒకసారి నేను అంగడిలో ఉండగా మంసాపురం నుంచి ఒక మిల్లు కార్మికురాలు వచ్చి చక్కెర జబ్బుకని అరకిలో బాదం అడిగింది.

“మాత్రలు వేసుకుంటాండావామ్మా?” అన్నారు మామ.

“లేదు అణ్ణాచ్చీ. దినం పిడికెడు బాదం తింటే సక్కర దిగిపోతాదని చెప్పినారు. మాత్రలు నిలిపేసినాను.”

“అట్లయితే నీకు ఇయ్యను. ముందు పోయి మాత్రలు తీసుకో. ఇది తిండి, మందు కాదు.”

ఆమె కోపంగా పక్క అంగడికి వెళ్లిపోయింది.

పప్పులు నిజంగా చక్కెరను దించుతాయేమో చూద్దామని, మాత్రలు మానకుండానే, ఆ తరువాతే ఆయన తన దేహాన్ని పరీక్షకు పెట్టారు. సాయంకాలం తినే వడలకు బదులుగా పిడికెడు బాదం, జీడిపప్పులు తినవచ్చనీ, వడలు మానకుండా తింటే మాత్రం ఒళ్లు ఇంకా పెరుగుతుందనీ డాక్టరుగారు చెప్పారట. వడలు మాని పప్పులు తిన్న మూడు నెలలకు నేనే రక్తం తీశాను. చక్కెర కదలలేదు. ఒంటి లోపలి వాపును, అంటే ఇన్‌ఫ్లమేషన్‌ను తెలిపే అంకె మాత్రం కొద్దిగా దిగింది. ఆ కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని అందరికీ చూపించారు. మరో మూడు నెలలకు ఆ అంకె మళ్లీ పైకెక్కింది.

“ఇంకొక తూరి తియ్యి పాపా.”

“తీసినా అదే వస్తాది మామా.”

“నేను అమ్మేది నాకే పని చెయ్యలేదు,” అన్నారు. ఆనాటి నుంచి అడిగినవారికల్లా ఆ మాటే చెప్పారు.

ఈ ఏడాది కాలికి పడిన చిన్న పుండు ఎంతకీ మానలేదు. ఆ కాలిని మోకాలి కింద నుంచి తీసేశారు. ఆసుపత్రిలో నేను గంజి తాగిస్తుండగా నా చెయ్యి పట్టుకున్నారు.

“ఆ రెండో తూరి నేను వడలు విడవలేదు పాపా. పప్పులూ తిన్నాను, వడలూ తిన్నాను. నీకు చెప్పేదానికి సిగ్గయింది.”

“పోనీ మామా.”

“ఎట్ల పోతాది? నా మాట విని ఎంతమంది పప్పులు విడిచి మళ్లా వడలకు పోయినారో! నువ్వు చెప్పు అందరికీ.”

వడలు మాని ఉంటే బతికేవారా అని బయటికి వచ్చి డాక్టరుగారిని అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు. మూత్రపిండాలు ఏనాడో దెబ్బతిన్నాయట. ఆ సంగతి మామకు చెప్పలేకపోయాను. తన మాట విని ఎందరో చెడిపోయారన్న అపరాధభావంతోనే ఆయన వెళ్లిపోయారు.

ఆయన చెప్పమన్నది ల్యాబుకు వచ్చేవారికి చెబుతూనే ఉన్నాను. తల ఊపి, కాగితం తీసుకుని వెళ్లిపోతారు. తన తప్పును తానే బయటపెట్టుకునే అంతటి సత్యనిష్ఠ మా ఊళ్లో మరొకరిలో నేను చూడలేదు, ఇక చూస్తానన్న ఆశా లేదు. కడసారి నమస్కరించడానికి వంగినప్పుడు, నా చేతులకు అందినది ఒక్క పాదమే.