కళావరు తొమ్మిది మీద పసుపు చీటీ

ఇది ఒక మహాసంగ్రామం కథ. ఇద్దరు వీరులు, ఒకే సింహాసనం, చుట్టూ ఊపిరి బిగబట్టిన సైన్యం, చివరి క్షణంలో విధి విసిరిన పాచిక.

అంత ఊహించుకోకండి. 2023 చలికాలం, మాదాపూర్, ఆరో అంతస్తులో ఒక మీటింగ్ రూము. వీరులిద్దరూ ల్యాప్‌టాప్‌ల ముందు చెప్పులు విప్పుకుని కూర్చున్నారు. సింహాసనం అంటే డిజైన్ టీములో ఖాళీగా ఉన్న, కింద చక్రాలుండే ఒక ఆఫీసు కుర్చీ, దానికి ఒక చక్రం సరిగా తిరగదు. సైన్యం పది పన్నెండు మంది ఉంటారు. వాళ్లలో సగం మంది సమోసాలు తెప్పిస్తున్నారని తెలిసి వచ్చినవాళ్లు.

నాది టెస్టింగ్ ఉద్యోగం. మా కంపెనీ ఫోన్లో ఆడుకునే పోకర్ గేమ్ తయారుచేస్తుంది. డబ్బు పెట్టే ఆట కాదు. ఉత్తుత్తి చిప్స్‌తో, విదేశాల్లో తీరిక ఉన్నవాళ్లు ఆడుకునేది. అయినా సరే, మా అమ్మ కరీంనగర్‌లో చుట్టాలందరికీ నేను బ్యాంకు సాఫ్ట్‌వేర్ చేస్తున్నానని చెప్పుకుంటుంది. కూతురు పేకాట కంపెనీలో ఉందని చెప్పుకోవడానికి ఆమెకు ఇంకా కొంత సమయం కావాలి.

చిప్స్ ఉత్తుత్తివే అయినా ఏడుపులు మాత్రం అసలువి. "మీ ఆట మోసం", "మీ కంప్యూటర్‌కు నా మీద కక్ష" అంటూ రోజూ ఫిర్యాదులు వస్తాయి. మా భాషలో ఒక్కో ఫిర్యాదు ఒక టికెట్. వాటిలో ఎక్కువ భాగం బ్యాడ్ బీట్ టికెట్లు. బ్యాడ్ బీట్ అంటే సరిగ్గా ఆడి, గెలవాల్సిన చోట, చివరి ముక్క అడ్డం తిరిగి ఓడిపోవడం. ఆ టికెట్లు చూసేది ఇద్దరం: నేను, ఓబులేశన్న.

ఓబులేశన్నది ప్రొద్దుటూరు వైపు. కాంట్రాక్టు ఉద్యోగి, అంటే మెడలో మాదిలాంటి ట్యాగే, తాడు మాత్రం వేరే రంగు. పేకముక్కలను కలిపే షఫుల్ ప్రోగ్రామును పరీక్షించి, సక్రమంగా ఉందని సంతకం పెట్టింది ఆయనే. ఫిర్యాదులు చూడటానికి ఆయనదొక పద్ధతి ఉండేది. ఆటగాడి హ్యాండ్‌ను, అంటే ఆ విడత ఆటను, స్క్రీన్ మీద తెరిచి, అన్నిటికంటే ముందు చివరి ముక్క మీద ఒక పసుపు స్టికీ చీటీ అంటించేవాడు.

"ఏంది అన్నా గిది, దిష్టి తీస్తున్నవా?" అని మొదటి రోజు అడిగాను.

"ఇప్పుడు చెప్పమ్మా స్రవంతీ. ఈ మనిషి ఆడింది కరెక్టా, తప్పా?"

"చివరి ముక్క చూడకుండ ఎట్ల చెప్పాలె?"

"ఆయప్ప కూడా సూడకుండానే గదా ఆడింది."

అప్పటినుంచి నేనూ చీటీ అంటించడం మొదలుపెట్టాను. ఆడింది కరెక్టా కాదా ముందు తేల్చాలి, చీటీ తర్వాతే తీయాలి. ఆపైన ఆటగాడికి జవాబు రాయాలి: మీరు సరిగ్గానే ఆడారు, షఫుల్ కూడా సరిగ్గానే ఉంది, జరిగింది దురదృష్టం, చింతిస్తున్నాం. ఈ జవాబు చదివి శాంతించినవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు.

ఆ చలికాలంలో డిజైన్ టీములో ఒక పర్మనెంట్ ఉద్యోగం ఖాళీ అయింది. చివరికి మిగిలింది ఇద్దరు: ఓబులేశన్న, యానిమేషన్ టీములో ఉండే కిరణ్. కిరణ్ కాకినాడ కుర్రాడు, అప్పటికే పర్మనెంట్. ఈ కుర్చీ రాకపోతే పాత కుర్చీలో కూర్చుంటాడు. ఓబులేశన్నకు అలా కాదు. నెలాఖరుకు ఆయన కాంట్రాక్టు ముగుస్తుంది. అప్పుడే నిజాంపేటలో ఇల్లు కిరాయికి తీసుకుని, భార్యనీ పాపనీ ఊరి నుంచి తీసుకొచ్చాడు. పాపను ఎల్‌కేజీలో చేర్చి నెల కూడా కాలేదు. కుర్చీ వస్తే వాళ్లు ఇక్కడుంటారు, రాకపోతే మళ్లీ మూటాముల్లె.

డిజైన్ హెడ్ మూర్తి గారిది రాజమండ్రి. ఈమెయిల్లో కూడా "అండీ" అని రాసే మనిషి. ఇంటర్వ్యూల్లో ఇద్దరూ సమానంగా వచ్చారట. "ఆట తయారుచేసేవాణ్ణి ఆటతోనే ఎంచుకుందామండీ" అన్నారు. ఇద్దరూ మా గేమ్‌లోనే ముఖాముఖి ఆడాలి, గెలిచినవాడిదే కుర్చీ. ఇది విని నేను నవ్వాను. హెచ్‌ఆర్ వాళ్లు నవ్వలేదు, ఒప్పుకున్నారు. రిఫరీగా నన్ను వేశారు, రూల్సు కూడా నన్నే రాయమన్నారు. అందులో ఒకటి ఇది: ఏ హ్యాండ్‌లోనైనా బగ్ దొరికితే, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పు కనిపిస్తే, ఆ హ్యాండ్ రద్దు, మళ్లీ ఆడాలి.

ఆట తెలియనివాళ్లకు నాలుగు మాటలు. ఒక్కొక్కరి చేతికి రెండు ముక్కలు వస్తాయి, ఎదుటివాడికి కనబడవు. మధ్యలో అందరికీ కలిపి ఐదు ముక్కలు పడతాయి, మొదట మూడు, తర్వాత ఒకటి, ఆఖరుకు ఇంకొకటి. ఆ ఆఖరిదాన్ని రివర్ అంటారు. చేతిలోవీ మధ్యలోవీ కలిపి ఎవరి జట్టు పెద్దదైతే పందెంలో పెట్టిన చిప్స్ వాళ్లవి, చిప్స్ అన్నీ పోయినవాడు ఓడినట్టు. అంతే. మిగతాదంతా మొహం కదలకుండా కూర్చోవడం.

గంటసేపు ఇద్దరూ సమానంగా ఆడారు. అప్పుడొచ్చింది ఆ హ్యాండ్. ఓబులేశన్న చేతిలో రెండు ఆసులు. కిరణ్ చేతిలో రెండు తొమ్మిదులు. మధ్యలో నాలుగు ముక్కలు పడ్డాయి: ఆసు, తొమ్మిది, నాలుగు, రెండు. అంటే ఈయనకు మూడు ఆసులు, అతనికి మూడు తొమ్మిదులు. ఓబులేశన్న తన చిప్స్ మొత్తం పెట్టేశాడు. కిరణ్ కూడా పెట్టాడు, మూడు తొమ్మిదులున్న ఎవరైనా పెడతారు. ఇద్దరి ముక్కలూ స్క్రీన్ మీద తెరుచుకున్నాయి. ఇక మిగిలిన నలభై నాలుగు ముక్కల్లో కిరణ్‌ను బతికించేది ఒక్కటే, కళావరు తొమ్మిది. అది పడితే నాలుగు తొమ్మిదులు, మూడు ఆసులను కొట్టేస్తాయి.

నేను అప్పటికే లేచి ఓబులేశన్నకు చెయ్యి కలపడానికి బయల్దేరాను.

కళావరు తొమ్మిది పడింది.

ఎవరో సమోసా నములుతూ మధ్యలో ఆపేశారు. గెలిచిన కిరణే ముందు మాట్లాడాడు. "సారీ ఓబులేశు గారూ" అన్నాడు, కాలు తొక్కినవాడిలా.

ఓబులేశన్న స్క్రీన్ వంకే చూస్తున్నాడు. నేను వెనక్కి వచ్చి సర్వర్ రికార్డు తెరిచాను. టెస్టర్లకు అదొక జబ్బు. చావు కబురు విన్నా ముందు లాగ్ చూస్తాం. అందులో నాకు కావలసింది దొరికింది. రివర్ ముక్క వచ్చిందన్న సందేశం ఒకసారి కాదు, రెండుసార్లు వెళ్లింది. నిస్సందేహంగా బగ్గే.

"ఆగుండ్రి. ఈ హ్యాండ్‌ల బగ్ ఉన్నది. రూల్ ప్రకారం రద్దు" అన్నాను. గొంతులో సంతోషం దాచుకోవడం రిఫరీకి మర్యాద, నాకది చేతకాలేదు.

మూర్తి గారు వంగి చూశారు. "నిజమేనండీ, రెండుసార్లు ఉంది. రూల్లో స్పష్టంగానే రాశారు కదండీ. మళ్లీ ఆడించొచ్చు."

"నాకేం ఇబ్బంది లేదండీ, మళ్లీ ఆడదాం" అన్నాడు కిరణ్. నిజంగానే అన్నాడు, మొహం తేలికపడింది కూడా.

అందరూ ఒప్పుకున్నారు. ఒక్క మనిషి మిగిలాడు.

"స్రవంతమ్మా, రెండుసార్లు వచ్చింది ఒకే ముక్కనా, వేరేవేరేనా?" అన్నాడు ఓబులేశన్న.

"ఒకటే. కళావరు తొమ్మిదే."

"ముక్కలు కలిసింది ఎప్పుడు?"

నేను చూశాను. మా గేమ్‌లో హ్యాండ్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారే కలుస్తాయి. చేతికి మొదటి ముక్క రాకముందే యాభై రెండింటి వరసా ఖాయమైపోతుంది. "మొదట్లనే" అన్నాను.

"అంటే ఆ తొమ్మిది మనం ఆట మొదలుపెట్టకముందే ఆడ కూర్చోనుండాది. నేను ఆసులు సూసుకోని మురిసిపోయేటప్పుడు కూడా ఆడనే ఉండాది. సందేశం రెండుసార్లు పోయిందంటే దండోరా రెండుసార్లు వేసినట్టు. ముక్క మారలేదు గదా."

"అన్నా, రూల్ నేను రాసిన. బగ్ అంటే బగ్గే. నువ్వు జర సప్పుడు చెయ్యకు."

"ఈ బగ్గును పోయిన నెల పట్టుకున్నది నేనేమ్మా. ఫలితం మారదు, తొందర లేదు అని రాసింది నేనే. ఎంతమందికి జవాబులు రాసినాము, షఫుల్ సక్రమంగా ఉండాది, మీది దురదృష్టం అని. వాళ్లందరికీ ఒక జవాబు, నాకొక్కనికి ఇంకొకటా?"

"వాళ్లకు ఉద్యోగం పోలే గద."

"షఫుల్‌కు ఆ సంగతి తెల్దు గదమ్మా."

తర్వాత ఆయన లేచి, నా ముందున్న పసుపు చీటీల కట్టలోంచి ఒకటి చించి, గోడమీది పెద్ద స్క్రీన్ దగ్గరికి వెళ్లి కళావరు తొమ్మిది మీద అంటించాడు. అందరి వైపూ తిరిగాడు.

"ఇప్పుడు చెప్పండి. మూడు ఆసులు పెట్టుకోని నేను చిప్సంతా పెట్టడం తప్పా?"

"నేనైనా అదే చేసేవాణ్ణండీ" అన్నాడు కిరణ్.

"తప్పేం లేదండీ" అన్నారు మూర్తి గారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. గదిలో ఏసీ ఎక్కువగా ఉందని నేను అనుకుంటున్నాను.

"అయితే క్లోజ్ చేయి స్రవంతమ్మా."

లాగ్ చూడగానే ఆ హ్యాండ్ మీద నేనొక టికెట్ తెరిచి ఉంచాను, దాన్ని మూసేటప్పుడు కారణం ఎంచుకోవాలి. 'వర్క్స్ యాజ్ డిజైన్డ్' అని ఒకటుంటుంది, ఎలా పనిచేయాలని తయారుచేశామో అలాగే పనిచేసిందని అర్థం. నేను వందలసార్లు నొక్కిన బటన్ అది. ఆ రోజు నొక్కేటప్పుడు మాత్రం, సముద్రాన్ని మొదటిసారి చూసినప్పుడు ఏమీ తోచక నిలబడిపోయాను చూడండి, అలా అయింది. తాను నిజాయితీగా పరీక్షించిన షఫుల్ తన ఇంటికప్పు ఎత్తుకుపోతుంటే, దానికి తనే పూచీ ఇచ్చిన మనిషి నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. ప్యాంటు జేబులో చెయ్యి పెట్టుకుని, చిల్లర వెతుక్కుంటున్నాడు, టీకి.

కింద టీ బండి దగ్గరికి నేనూ వెళ్లాను. ఆయన ఏడిస్తే ఏం చెప్పాలో దారిలో సిద్ధం చేసుకున్నాను. ఏడవలేదు. నేను సిద్ధం చేసుకున్నదంతా వృథా.

"ఏంది అన్నా, గంత ఠండగ ఉన్నవ్? జరంతన్న బాధ లేదా?"

"ఎందుకుండదు? ఇంట్లో ఎట్ల చెప్పాల్నో తెలీడం లేదు." గ్లాసు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "కానీ బాధ వేరే, తప్పు చేసినానేమో అని పీక్కోవడం వేరే. బాధ నాల్రోజులకు పోతాది. రెండోదాన్ని ఇంటికి తీసుకపోతే మాత్రం అది అద్దె కట్టకుండా కూర్చుంటాది."

అక్కడే భార్యకు ఫోన్ చేశాడు. ఉద్యోగం రాలేదని రెండు ముక్కల్లో చెప్పాడు. ఆమె గొంతు నాకూ వినబడుతోంది. "నువ్వు సరిగానే ఆడినావా?" అంది ఆమె. "ఆడినా." "సరే అయితే. పాప బూట్లకు పాలిష్ అయిపోయింది, వచ్చేటప్పుడు తీసుకరా."

నెలాఖరుకు ఆయన ట్యాగు ఇచ్చేసి వెళ్లిపోయాడు. తర్వాత చాలా ఇంటర్వ్యూలకు వెళ్లాడు, చాలా చోట్ల కాదన్నారు. ప్రతిసారీ నాకు ఫోన్ చేసి, ఫలితం చెప్పకుండా, తను ఏం జవాబులు చెప్పాడో మాత్రం చెప్పేవాడు. "కరెక్టా, తప్పా చెప్పు." నేను చెప్పేదాన్ని. ఆ తర్వాతే ఫలితం చెప్పేవాడు. ఫోన్లో కూడా పసుపు చీటీ అంటించగలిగిన మనిషి.

కొన్ని నెలలకు ఉద్యోగం దొరికింది. ధర్మం గెలిచిందని రాయడానికి నా వేళ్లు కూడా సిద్ధంగా ఉన్నాయి. కానీ ఆయనే నాకు ఆ అవకాశం ఇవ్వలేదు.

"నాకంటే బాగా చెప్పిన పిల్లోడు ఒకడుండె స్రవంతమ్మా. రెండో రౌండుకు వస్తావుంటే వానకు గచ్చిబౌలి కాడ నీళ్లు నిలబడి యాడికాడికి బండ్లు ఆగిపోయినాయంట. టయానికి రాలేకపోయినాడు. నన్ను తీసుకున్నారు."

"పోనీ అన్నా, దేవుడు బాకీ తీర్చిండు అనుకో."

"తీర్చేదేముండాది. చీటీ పెట్టి సూసినా. రెండు ప్రశ్నలకు తప్పు జవాబు చెప్పినా. నేను బాగా ఆడి గెలవలేదు, తొమ్మిది ఈసారి నాకు పడింది, అంతే. ఆ రెండూ కూర్చోని నేర్చుకోవాల."

అంతకుముందు వరకూ ఆ చీటీ ఓడిపోయినప్పుడు ఓదార్పు కోసమని అనుకునేదాన్ని. గెలిచినప్పుడు కూడా దాన్ని అంటించుకునేవాణ్ణి నేను ఇంతవరకూ ఆయన్నొక్కణ్నే చూశాను. ఓడినప్పుడు విధిని తిట్టడం, గెలిచినప్పుడు మన తెలివిని మెచ్చుకోవడం, ఇదే మేం చూసే టికెట్లన్నిటి సారాంశం. ఈ ఉద్యోగం నాకు నేర్పింది ఏదైనా ఉంటే అది, నాకు నచ్చిన ముక్క పడినప్పుడు కూడా చెయ్యి పెట్టి దాన్ని కాసేపు మూసి చూడాలని. నేర్పింది అంటున్నాను, వచ్చిందని అనడం లేదు.

కిరణ్ ఇప్పుడు మంచి డిజైనర్. కుర్చీ చక్రం బాగుచేయించుకున్నాడు.

సందేశం రెండుసార్లు వెళ్లే ఆ బగ్ ఇంకా ఓపెన్‌గానే ఉంది. ప్రాధాన్యం తక్కువ. మీకెప్పుడైనా అలా కనిపిస్తే యాప్ ఒకసారి మూసి తెరిస్తే సరిపోతుంది.