వేడి తెలియని చేతులు

2022 డిసెంబరు. గూడూరులో రైల్వే స్టేషను నుంచి వచ్చే రోడ్డులో నాది టూవీలర్ ఎలక్ట్రికల్ షాపు. హారన్ మోగకపోయినా, సెల్ఫ్ పట్టకపోయినా నా దగ్గరికి రావాలి. ఇంజను జోలికి పోను. లడఖ్ వెళ్ళే కుర్రాళ్ళకు హీటెడ్ జాకెట్లు, హీటెడ్ గ్లవ్స్ బ్యాటరీకి కలిపి ఇచ్చిన అనుభవం ఉంది. బట్ట మడతల్లో సన్నటి తీగలుంటాయి, కరెంటు పారితే వేడెక్కుతాయి, అంతే. మన నెల్లూరు ఎండల్లో బతికేవాళ్ళకు అవెందుకో నాకూ అర్థమయ్యేది కాదు, రవణమ్మ వచ్చేవరకు.

రవణమ్మది దొరవారిసత్రం దగ్గర, పులికాట్ ఒడ్డు పల్లె. తెల్లారకముందే వలల దగ్గర చేపలు ఎత్తుకుని, ఐసు కొట్టి పెట్టెలో సర్ది, ఆ తడి చేతులతోనే స్కూటరెక్కి హైవే మీద గూడూరు దాకా వస్తుంది. మన చలి కూడా ఒక చలేనా అని నవ్వేవాళ్ళుంటారు. ఐసులోంచి తీసిన చేతికి ఎదురుగాలి తగిలితే నవ్వు ఆగిపోతుంది. వేళ్ళు కొయ్యబారి బ్రేకు పట్టడం లేదని, ఒకసారి లారీ వెనక తగలబోయి తప్పించుకున్నానని చెప్పింది. బండి ఆపేస్తే ఇల్లు గడవదు. అది చూడలేక కూతురు ఆన్‌లైన్‌లో ఈ గ్లవ్స్ తెప్పించింది.

వాటిని తెస్తే బండి బ్యాటరీకి కలిపి, మధ్యలో ఫ్యూజు వేశాను. కరెంటు మితిమీరితే ముందు తనే తెగిపోయి మిగతాదాన్ని కాపాడే తీగ అది. రిలే పెట్టాను, అంటే తాళం తిప్పితేనే కరెంటు వదిలే స్విచ్చు. అది లేకపోతే రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంది.

వారం తిరగకముందే రవణమ్మ మళ్ళీ వచ్చి, బండి స్టాండేసి నా మీద పడింది.

"ఏంది గౌసన్నా, ఏం బిగించినావు? ఎర్ర లైటు మటుకు ఎలుగుతుండాది. వేడి సున్నా!"

మీటరు పెట్టి చూశాను. కరెంటు సరిగ్గానే పారుతోంది. నా వైరింగులో తప్పుంటే నాకు సిగ్గు. తప్పు లేనిచోట ఉందంటే మాత్రం ఒళ్ళు మంట.

"లైను బాగానే ఉండాదమ్మా."

"బాగుంటే నా చేతులకెందుకు తెలవడంలేదు? లోపల ఏదో కటాఫ్ ఉంటదంట గదా, అది పీకేసి డైరెక్టుగా ఇచ్చెయ్."

ఆ కటాఫ్‌ను థర్మోస్టాట్ అంటారు. వేడి హద్దు దాటితే కరెంటు ఆపేస్తుంది. అది పీకమని ఇంతకుముందు అడిగినవాళ్ళున్నారు, ఎవరికీ పీకలేదు. ఈమె వింటేగా! చివరికి విసుగొచ్చింది. "సరే, కుడిది నువ్వు తొడుక్కో, ఎడమది నేను తొడుక్కుంటా. ఎవరిది అబద్ధమో తేలిపోద్ది," అన్నాను.

బండి స్టార్టు చేసి వేడి ఫుల్లులో పెట్టాను. ఆమె బల్ల మీద కూర్చుని పల్లె కబుర్లేవో చెబుతోంది. కాసేపటికి నా అరచెయ్యి చురుక్కుమంది. ఇంకాసేపటికి, కటాఫ్ పడకముందే, తట్టుకోలేక "యా అల్లా!" అని పీకి పారేశాను. ఆమె నింపాదిగా కూర్చునే ఉంది.

"నాది చల్లగానే ఉండాది, చూసినావా?"

"ముందది తియ్యి!" అని అరిచాను.

తీసింది. చెయ్యి ఎర్రగా కందిపోయి ఉంది. ఉంగరం వేలి మొదట్లో ఒక బొబ్బ. అది అప్పుడు లేచింది కాదు, చితికి ఎండుతున్నది. ఆమె దాన్ని ఇంకెవరి చెయ్యో చూసినట్టు చూసింది.

"ఇదెప్పుడొచ్చిందబ్బా?"

నాకు భయమేసింది. నొప్పి లేదా అని అడిగాను.

"ఐసులో చేతులు పెట్టేవోళ్ళకు మొద్దుబారేది మామూలే గదన్నా. మా కాడ ఆడోళ్ళందరికీ అంతే. ఐసు చెయ్యి అనుకుంటాం."

"ఐసు తిమ్మిరి మధ్యాహ్నానికన్నా దిగాల గదా. నీకు దిగతుండాదా?"

ఆమె చేతులు తిప్పి చూసుకుంది. కళ్ళు మూసుకోమని, ఒక చేతికి టీ గ్లాసు, ఇంకో చేతికి నీళ్ళ గ్లాసు తాకించి, ఏది వేడిదో చెప్పమన్నాను. చాలాసేపు ఆలోచించింది. తర్వాత కళ్ళు తెరిచి, చూసి, "ఇది," అంది. అప్పుడు ఆమెకూ అర్థమైంది.

గ్లవ్స్ వైరు పీకేశాను. ఈసారి గొడవ పడలేదు. మా వీధి డాక్టరు గారి దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. షుగరు ఎప్పట్నుంచో ఉందట, చేతుల నరాలు దెబ్బతిన్నాయట. ఆ గ్లవ్స్ అలాగే వాడి ఉంటే పుండు ముదిరి వేళ్ళు తీసేయాల్సి వచ్చేదని ఆయన ఆమె ముందే చెప్పారు. పోయిన స్పర్శ మొత్తం తిరిగి రాకపోవచ్చు, ఉన్నది నిలుపుకోమన్నారు. బయట మెట్ల మీద కూలబడి, "నొప్పి లేదంటే బాగుండాననుకున్నా గదన్నా ఇన్నాళ్ళు," అంది.

హ్యాండిల్‌కు గాలి ఆపే గార్డులు బిగించి ఇచ్చాను. ఇప్పుడు ఐసును పారతో ఎత్తుతోంది, మాత్రలు వేసుకుంటోంది, బండీ నడుపుతోంది. నేను మాత్రం, వేడి రావడం లేదని ఎవరొచ్చినా మీటరు కన్నా ముందు చేతులు చూపించమంటున్నాను. లడఖ్ కుర్రాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

ఆ చలికాలంలోనే ఒక ఉదయం రవణమ్మ మళ్ళీ వచ్చింది. వెనకే వాళ్ళ పల్లె ఆడవాళ్ళు, ఐసు పెట్టెలు కట్టిన బండ్ల మీద.

"బండ్లకేమైందమ్మా?"

"బండ్లకేం కాలేదన్నా. వీళ్ళవీ ఐసు చేతులే. చూడు."

నేను డాక్టరును కాదు తల్లీ అనబోయాను. అప్పటికే అందరూ చేతులు చాపారు. వాళ్ళలో చిన్నామె చూపుడు వేలి పక్కన జెల్ల చేప ముల్లు విరిగి దిగబడి ఉంది. అది గుచ్చుకుంటే మగవాళ్ళు కూడా కేకలు పెడతారు.

"ముల్లుండాది గదమ్మా వేల్లో!"

"యాడన్నా?" అని ఆమె నన్నే అడిగింది.

షట్టరు దించి, అందరినీ డాక్టరు గారి దగ్గరికి నడిపించాను.