ఊదా వెలుగులో అబ్బా రెక్కలు

మొన్న ఒక అపరిచిత యువకుడు నా ఫోనుకు ఒక ఫోటో పంపించాడు. పారాచూట్ దళం సైనికులు చొక్కా చేతికి కుట్టించుకునే రెక్కల బ్యాడ్జి అది. మధ్యలో విచ్చుకున్న గొడుగు, దానికి రెండు పక్కలా రెక్కలు. కింద ఒకే ఒక వాక్యం రాశాడు: "మేడమ్, ఊదా లైటు కింద మెరుస్తోంది, నకిలీయే కదా?" పాత సైనిక చిహ్నాలను పరీక్షించి అవి ఏ కాలానివో చెప్పే పనిని నేను జీతానికి చేసింది కొద్దికాలమే. ఆ తరువాత ఇష్టంకొద్దీ చేస్తూ వచ్చాను కనుక, ఇటువంటి ప్రశ్నలు ఇప్పటికీ నా దగ్గరకు వస్తుంటాయి. "ముందు దాన్ని ఎవరు ఉతికారో కనుక్కోండి" అని జవాబు రాశాను. అతను నవ్వుతున్న బొమ్మ ఒకటి పంపాడు. నేను హాస్యానికి అనలేదు. ఆ ప్రశ్నతో మొదలైన గొడవలో ఒకప్పుడు ఒక ఉద్యోగాన్ని వదులుకున్నాను.

సాఫ్ట్‌వేర్ చదువుల కోసం రాష్ట్రమంతా అమీర్‌పేటకు తరలివస్తున్న రోజులవి. ఒక శిక్షణ సంస్థ బోర్డు మీద మరొక సంస్థ బోర్డు, దాని మీద ఇంకొకటి. బస్సు దిగి వీధి దాటేలోపు చేతినిండా కరపత్రాలు. మా ఇంట్లో డిగ్రీ పట్టా మొదట అందుకున్నది నేను. దాన్ని ఇంటికి తెచ్చిన రోజు మా నాన్న మగ్గం గుంటలోంచి లేచి, చేతులు కడుక్కొని, తుడుచుకొని, అప్పుడు పట్టుకున్నారు. ఆ పట్టాతో, ఆయన నేసిన రెండు నూలు దుపట్టాలతో నేను అమీర్‌పేటలోని ఒక ఆడపిల్లల హాస్టల్‌లో చేరాను. కింది వాటాలో ఇంటి యజమానురాలు ఉండేది. పిల్లలందరూ ఆమెను ఖాలా అని పిలిచేవారు. గేటు దగ్గర కుర్చీ వేసుకొని కూర్చుని, తరగతులకు వెళ్లే ప్రతి పిల్లనూ "ఏం బేటీ, జావా అయిపోయిందా? ఇంకా ఎంత జావా ఉంటదమ్మా?" అని అడిగేది. ఆ జావా మాకు కూడా ఎప్పుడు అయిపోతుందో తెలియదు.

శిక్షణ సాగుతుండగా నాకు శ్రీనగర్ కాలనీలో ఒక చిన్న ఉద్యోగం దొరికింది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఒక విశ్రాంత ఇంజనీరు గారు పాత సైనిక చిహ్నాలు సేకరించేవారు. ఊళ్లోని మరికొందరు సేకరణకర్తలకు ఆయనే పెద్ద దిక్కు. ఆ ఇంట్లో అందరిలాగే నేనూ ఆయనను బాబాయి గారు అనేదాన్ని. ఒక్కొక్క చిహ్నాన్ని స్కాన్ చేసి, వివరాలు టైపు చేసి, ఇంటర్‌నెట్‌లో పెట్టడం నా పని. ఇటువంటివారిని కలెక్టర్లంటారని ఫోనులో చెబితే, మా అమ్మ చివరి మాట ఒక్కటే పట్టుకొని, కూతురు కలెక్టరు గారి ఆఫీసులో ఉందని మా వీధి అంతటికీ చెప్పేసింది. పండుగకు వెళ్లినప్పుడు ఇద్దరు రేషన్ కార్డు సంగతి అడగడానికి వచ్చారు. వారికి వాస్తవం వివరించడానికి పట్టినంత సమయం నాకు జావాలో ఏ అధ్యాయానికీ పట్టలేదు.

అయినా ఆ పనిలో నాకు మనసు కుదిరింది. బాబాయి గారు మంచి గురువు. "ముందు వెనక్కి తిప్పు. ముఖం అందరూ చక్కగానే తయారుచేస్తారమ్మా, వీపు దగ్గర దొరికిపోతారు" అనేవారు. యంత్రం కుట్టు అయితే వెనుక దారాలు బారులు తీరినట్లుంటాయి. చేతి కుట్టు అయితే పనివాడి తొందర, విసుగు, భోజనం వేళ కూడా కనిపిస్తాయి. కిరీటం ఉంటే తెల్లదొరల కాలం, సింహాలుంటే మన కాలం. రెక్కల బ్యాడ్జిలో ఈ రెండూ ఉండవు కనుక దాని వయసు చెప్పడం కష్టం; దారాన్నే అడగాలి. దారాన్ని అడగడానికి బాబాయి గారి దగ్గర ఒక సాధనం ఉండేది. దుకాణాలలో దొంగనోట్లు కనిపెట్టడానికి వాడే ఊదా లైటు. కిటికీ తెరలు వేసి ఆ లైటు కింద పెడితే, ఈ కాలపు దారం నీలంగా, తెల్లగా వెలిగిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి నూలు చీకటిలో చీకటిగా ఉండిపోతుంది. "ఇది అబద్ధం చెప్పదు" అని ఆయన ఆ లైటును నిమిరేవారు. చాలావరకు చెప్పేది కాదు కూడా.

నేను చేసే పనేమిటో ఖాలాకు తెలిసిన రోజు, ఆమె లోపలికి వెళ్లి ఒక రుమాలు మూట తెచ్చింది. అందులో ఖాకీ చొక్కా చేతి ముక్క, దాని మీద కుట్టిన రెక్కల బ్యాడ్జి ఉన్నాయి. చొక్కా చీకిపోతే అంతవరకు కత్తిరించి దాచుకుందట. "మా అబ్బాది బేటీ. అంగ్రేజోళ్ల ఛత్రీ ఫౌజుల ఉండె. విమానంలకెళ్లి దుంకిండు" అన్నది. యుద్ధం ముగిశాక వాళ్ల నాన్న ఊరికి వచ్చి సైకిళ్ల దుకాణం పెట్టుకున్నారు. కాగితాలేవీ మిగలలేదు. మిగిలినవి ఆయన చెప్పిన మాటలు, ఈ రెక్కలు. అత్తింటివారికి ఆ మాటల మీద నమ్మకం లేదు. ఖాలా మరిది ప్రతి పెళ్లిలోనూ, వడ్డన మొదలయ్యే వేళకు, "మా వదినమ్మ అబ్బా దుంకలే భాయ్, రొట్టెలనే పెనం మీదకెళ్లి దుంకించిండు" అని నవ్వించేవాడట. ఆయన ఫౌజులో వంటవాడని వారి ఉద్దేశం. వంటవాడు కావడంలో తక్కువతనం ఏమీ లేదు. కాని ఖాలా వాళ్ల అబ్బా అబద్ధం చెప్పాడనడం వేరు. పంజాగుట్టలో బాబాయి గారి బృందం పెట్టబోయే ప్రదర్శనలో ఆ బ్యాడ్జి కింద అబ్బా పేరు ఉండాలని ఆమె కోరిక. మరిదిని చేయి పట్టుకొని తీసుకెళ్లి చూపిస్తానన్నది.

ఆ మరుసటి వారం ఆమెను శ్రీనగర్ కాలనీకి తీసుకువెళ్లాను. బాబాయి గారు మర్యాదగా కూర్చోబెట్టారు. బ్యాడ్జిని చూసి కుట్టు చేతిదే అన్నారు, స్థానికంగా చేయించినట్లుందన్నారు. తెరలు వేసి, లైటు నన్నే పట్టుకోమన్నారు. రెక్కలు భగ్గుమన్నాయి. దీపావళి నాటి రవ్వల్లా, ఒక్కొక్క ఈక వెలిగింది. ఆయన తెరలు తీయించి, కళ్లద్దాలు తుడుచుకొని, "ఇది కొత్త సరుకమ్మా. మీ నాన్నగారు ఎక్కడో బజారులో కొనుక్కొని ఉంటారు. బాధపడకండి" అన్నారు.

"బజార్ల కొన్నడా? ఆయనకు బజార్ల బనీను కొననీకే మనసు రాకపోయె!" అన్నది ఖాలా. బ్యాడ్జిని రుమాలులో మూటకట్టుకొని, ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం వేరే బ్యాడ్జీలను పరీక్షించడానికి మళ్లీ తెరలు వేశాను. లైటు బల్ల మీద పెట్టి వంగాను. నా భుజం మీది దుపట్టా బ్యాడ్జి కన్న ఎక్కువగా వెలిగింది. మా నాన్న నేసిన దుపట్టా అది. ఆ నూలు కండెలు చుట్టింది నేను. అందులో ఈ కాలపు మెరుపు దారం ఒక్క పోగు లేదని న్యాయస్థానంలోనైనా చెప్పగలను. మరి ఎందుకు వెలుగుతోంది? హాస్టల్‌లో మేము వాడే సబ్బు పొడి గుర్తుకు వచ్చింది. బట్ట తెల్లగా కనిపించడానికి అందులో కలిపే మందే ఈ వెలుగుకు కారణమై ఉండాలి. పరుగున వెళ్లి బాబాయి గారికి చూపించాను. ఆయన దుపట్టా వంక చూసి, "నీ దుపట్టాను ప్రదర్శనలో పెట్టడం లేదు కదమ్మాయ్. ఆ విషయం తేలిపోయింది" అన్నారు.

హాస్టల్‌కు రాగానే ఖాలాను అడిగాను, "బ్యాడ్జిని ఎప్పుడైనా ఉతికారా?" అని.

"ఎప్పుడైనా ఏంది? సాల్‌కోసారి, రంజాన్‌కు ముందు. నీళ్లల్ల ముంచలే, ఖరాబైతదని. సబ్బు పొడి నురగల గుడ్డ ముంచి, మీద మీద తుడుస్త. పండుగకు ఇల్లంత కడిగి, అబ్బాను మురికిగ ఉంచుతనా?"

మీద మీద! నాకు కావలసిన మాట అదే. ముఖం నురగలో తడిసింది. ఖాకీకి ఆనుకొని ఉన్న వీపు తడవలేదు. బ్యాడ్జి కొత్తదైతే రెండు వైపులా వెలగాలి, పాతదైతే వీపు చీకటిగా ఉండాలి.

ఆదివారం పంజాగుట్టలో, ఒక హోటలు పైఅంతస్తు హాలులో సేకరణకర్తలందరూ ప్రదర్శనకు ఏవి పెట్టాలో తేల్చడానికి కూర్చున్నారు. కింద కూడలిలో హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఖాలాను బ్యాడ్జితో సహా వెంట తీసుకువెళ్లాను. నేను లేచి, ఆ బ్యాడ్జిని మళ్లీ పరీక్షించాలని కోరాను. బాబాయి గారి ముఖం ఎర్రబడింది. "ఏంటమ్మాయ్ ఇది? నిన్ను పెట్టుకున్నది టైపు చేయడానికి, తీర్పులు చెప్పడానికి కాదు. కూర్చో."

"కూర్చోనండి" అన్నాను. "ముందు వెనక్కి తిప్పమని మీరే నేర్పారు. ఆ రోజు మీరు తిప్పలేదు."

ఒకాయన దగ్గాడు. ఇంకొకాయన, కుట్టు విప్పితే బ్యాడ్జి విలువ పడిపోతుందన్నాడు. ఖాలా అప్పటికే సంచీలోంచి చిన్న కత్తెర తీసింది. "విలువ మీకు పడ్తది, నాకు కాదు" అని, వాళ్ల అబ్బా చొక్కాకు పడ్డ కుట్లను ఒక పక్కన తానే విప్పింది. తెరలు వేశారు. లైటు ఈసారి బాబాయి గారి చేతిలోనే ఉంది. ముఖం భగ్గుమంది. ఆయన అంచు పట్టుకొని మెల్లగా మడిచారు. వెనుక దారాలు, వాటి మీద ఎండిన బంక, అన్నీ పాతబావి లోపలిలా నల్లగా ఉన్నాయి. ఆయన మళ్లీ ముఖం, మళ్లీ వీపు చూశారు. తరువాత లైటు ఆర్పి, "పాతదే. నేను పొరబడ్డాను" అన్నారు. అందరి ముందూ ఆ మాట అనగలిగినందుకు నేను ఆయనను నేటికీ గౌరవిస్తాను.

కాని కథ అక్కడ ఆగలేదు. ప్రదర్శనలో బ్యాడ్జి కింద పెట్టే కార్డు మీద ఏం రాయాలన్న చర్చ మొదలైంది. "స్థానిక తయారీ, యుద్ధకాలం, ధరించిన సైనికుడు తెలియదు" అని రాద్దామన్నారు. దారం వయసు చెబుతుంది కాని మనిషి పేరు చెప్పదు కదా అన్నారు. అది తర్కానికి నిలిచే మాటే; నేనూ కాదనలేకపోయాను.

"దారం చెప్పకుంటే నేను చెప్త కదా. తెలియదు అని ఎట్ల రాస్తరు? నాకు తెలుసు" అన్నది ఖాలా.

"ఆధారం ఉండాలి కదండీ" అన్నారు దగ్గినాయన.

"మీ అబ్బా మీ అబ్బా అని మీకు ఏ లైటు చెప్పింది సాబ్?"

ఆమె బ్యాడ్జిని రుమాలులో చుట్టింది. "పేరు లేకుంటే రెక్కలు సుత లేవు" అని లేచింది. "అమ్మాయ్, నీకింకా పని ఉంది" అన్నారు బాబాయి గారు. "ఆ కార్డు నేను టైపు చేయలేనండి" అని చెప్పి, ఆమె వెంట మెట్లు దిగాను. మరునాటి నుంచి శ్రీనగర్ కాలనీకి వెళ్లలేదు. బాబాయి గారు మనిషిని పంపారు, అయినా వెళ్లలేదు.

కార్డు మాత్రం టైపు చేశాను. శిక్షణ సంస్థ కంప్యూటరు మీద, పెద్ద అక్షరాలలో, తెలుగులో, ఉర్దూలో. అబ్బా పేరు, ఛత్రీ ఫౌజు సైనికుడు, ఈ ఇంటివాడు. రెక్కలతో కలిపి ఫ్రేము కట్టించి హాస్టల్ ముందు గదిలో, పిల్లలందరూ చెప్పులు విడిచే చోటుకు ఎదురుగా తగిలించాము. ఊరూరి నుంచి జావా కోసం వచ్చిన పిల్లలందరూ జావా కన్న ముందు ఆ పేరు చదివారు. మరిది కూడా వచ్చి చూశాడు. ఈసారి రొట్టెల ఊసెత్తలేదు. "వదినా, చాయ్ ఉందా?" అని మాత్రం అడిగాడు. కొంతకాలానికి బాబాయి గారు ఒక్కరే వచ్చి, ఫ్రేము ముందు చాలాసేపు నిలబడ్డారు. "నిలబడి చూస్తె సరిపోదు సాబ్. కూసోండి, పూరా కథ వినాలె" అని ఖాలా ఆయనను కూర్చోబెట్టింది. మూడు కప్పుల చాయ్ అయ్యేవరకు లేవనివ్వలేదు.

ఇక ఆ పొడితో తుడవవద్దని, నూలు పాడవుతుందని నేను ఆమెకు ఎన్నోసార్లు చెప్పాను. "దుమ్ము పట్టిన బాప్‌ను గోడకు ఎట్ల పెడ్త బేటీ?" అనేది. ఆమె ఇప్పుడు లేదు. ఆ వీధి మీద మెట్రో నీడ పడుతోంది. రంజాన్ ముందు ఆమె కోడలు ఫ్రేము విప్పి, నురగలో గుడ్డ ముంచి, మీద మీద తుడుస్తుందని విన్నాను. ఈ రోజు ఊదా లైటు పెట్టి అడిగితే, ఆ రెక్కలు నిన్న కుట్టినవని ఆ లైటు చెబుతుంది. చెప్పనివ్వండి. పాతబడేలా చేయడం కాలం పని. ఆ పనికి ఒప్పుకోని చేతులను కూడా ఆ కాలమే మనకు ఇస్తుంది.