కుట్లు విప్పిన చెయ్యి, పోచమ్మ బోనం

2024 శ్రావణం. మేడ్చల్‌లోని ఒక చిన్న ఫిజియోథెరపీ క్లినిక్‌లో అది నా మొదటి ఏడాది. దెబ్బతిన్న చేతులకు మళ్లీ పని నేర్పడం నా ఉద్యోగం. చేతులతో నాకు ఇబ్బంది లేదు. వాటి వెంట వచ్చే మనుషులతో మాట్లాడాలంటేనే బెదురు.

సరితది శామీర్‌పేట పక్క ఊరు. పచ్చడి సీసా కడుగుతుంటే పగిలి కుడి అరచెయ్యి లోతుగా తెగింది. పెద్దాసుపత్రిలో చూపుడువేలి టెండన్లనూ నరాలనూ కలిపి కుట్టారు. టెండన్ అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటిది. ఆ కుట్టు మీద లాగుడు పడకుండా నేను చేతి వెనక వైపు స్ప్లింట్ కట్టాను. ప్లాస్టిక్ రేకును వేడినీళ్లలో మెత్తబరిచి చెయ్యి ఆకారానికి వంచితే అదే స్ప్లింట్.

పైకుట్లు విప్పిన కొద్ది రోజులకు సరిత వచ్చింది, వెంట ఆమె అత్త యాదమ్మ.

"పుండు ఎండింది మేడం. ఇగ గీ డబ్బా దియ్యి. ఐతారం పోచమ్మకు బోనమెత్తాలె," అంది యాదమ్మ.

"స్ప్లింట్ ఇప్పుడే తీయకూడదండి," అన్నాను.

"ఏంది? జర గట్టిగ జెప్పు. బువ్వ తినలేదా?"

బోనం అంటే అమ్మవారికి నైవేద్యం వండి తల మీద మోసుకెళ్లే కుండ. ఆ ఇంట్లో దాన్ని పెద్దకోడలే ఎత్తాలి. పెళ్లయినప్పటి నుంచి సరితే ఎత్తుతోంది. ఈసారి తప్పుకుంటే తోటికోడలికి ఇస్తారు, ఇక అది తిరిగి రాదు. సరిత భయమంతా అదే.

"ఎడమ చేత్తోని పట్టుకుంటనంటే అత్త వద్దంటాంది మేడం."

"కడుక్కునే చెయ్యితోని తల్లికి బోనం బడ్తరానే?" అంది యాదమ్మ.

కాలేజీలో చదివిందంతా నా ముందున్న ఆ ఒక్క చేతిలోనే ఉంది. మన ఒళ్లంతా నాలుగు రకాల కణజాలాలే. పైన కప్పి కాపాడేది ఎపిథీలియల్ కణజాలం, అంటే చర్మపు పైపొర లాంటిది. అది త్వరగా మూసుకుంటుంది. యాదమ్మ చూసింది దాన్నే. లోపలి భాగాలను పట్టి ఉంచేది కనెక్టివ్ కణజాలం. ఎముకా, కొవ్వూ, టెండనూ ఆ కోవలోవే. టెండన్ గట్టిపడడానికి నెలలు పడుతుంది. కబుర్లు మోసేది నర్వస్ కణజాలం. తెగిన నరం మళ్లీ వేలి కొస దాకా పెరగడం ఇంకా నిదానం. ఇక లాగి కదిలించేది కండర కణజాలం. వేలిని ముడిచే కండ సరిత ముంజేతిలో ఉంది, దానికి దెబ్బ తగల్లేదు. ప్రమాదం అక్కడే. బరువు పట్టగానే అది పూర్తి బలంతో లాగుతుంది. అతకని టెండన్ పుటుక్కుమంటుంది.

ఇదంతా యాదమ్మకు చెప్పాను. ఆమె ఆవలించింది. అప్పుడు అత్త వేలు ముట్టుకుంటుందని చెప్పి సరితను కళ్లు మూసుకోమన్నాను. ఆ చూపుడువేలి కొసను మెల్లగా తాకమని యాదమ్మకే సైగ చేశాను. ఆమె తాకింది. కొంచెం గట్టిగా అదిమింది.

కళ్లు మూసుకునే సరిత అడిగింది. "ముట్టు అత్తా, ఎంతసేపు?"

యాదమ్మ వేలు వదిలేసింది. కొంగు సర్దుకుని, "గట్లయితె డబ్బా ఉండనీ. చిన్న కోడలు ఎత్తుతది," అంది.

"ఎత్తది," అంది సరిత కళ్లు తెరిచి. "నా బోనం నేనే ఎత్తుత. ఎడమ చేత్తోనే ఎత్తుత."

"ఎడమ చేతికి ఏ నష్టమూ లేదండి," అన్నాను. ఈసారి పక్క గదిలోని వాళ్లు కూడా తలెత్తి చూశారు.

"నువ్వు పట్నం కాలనీ పిల్లవు," అంది యాదమ్మ. "బోనం సంగతి నీకేమెరుక? తల్లి కోపం జేస్తే నువ్వొస్తవా?"

"వస్తాను."

ఆదివారం వెళ్లాను. సరిత మరిది బోనం ఎత్తి ఆమె తల మీద పెట్టాడు. ఎడమ చెయ్యి కుండ అంచున, స్ప్లింట్ కట్టిన కుడి చెయ్యి గుండెకు ఆనించి నడిచింది. డప్పుల వెనక ఎవరో ఆడమనిషి, "ఎడమ చెయ్యేందే సరితా, సోయి లేదా?" అంది. సరిత తల తిప్పలేదు. నేను ఆమె కుడిపక్కన, ఎవరూ ఆ చేతిని తోయకుండా నడిచాను. గుడి ముందు యాదమ్మ మొహం పక్కకు తిప్పుకునే, బోనమెత్తిన వాళ్లకు చేసే ఆనవాయితీగా చెంబుతో కోడలి కాళ్ల మీద నీళ్లు పోసింది.

టెండన్ నిలిచింది. చలికాలం వెళ్లేసరికి సరిత పిడికిలి బిగించింది. వేలి కొసకు స్పర్శ ఇంకా ఆలస్యంగా, మొదట చీమలు పాకినట్టుగా వచ్చింది. పుస్తకంలో నాలుగు కణజాలాలకు నాలుగు పాఠాలు ఉంటాయి. ఏ పాఠం ఎప్పుడు పూర్తవుతుందో చెయ్యే చెబుతుంది, పైన ఎండిన మచ్చ కాదు. అందుకే ఇప్పుడు ఎవరు తొందరపెట్టినా నేను గడువుకు ముందే స్ప్లింట్ తీయను.

మరుసటి శ్రావణంలో సరిత పిలిస్తే మళ్లీ వెళ్లాను. బోనం ఆమె నెత్తి మీదే ఉంది, పట్టుకున్నది మాత్రం ఎడమ చెయ్యి.

"కుడి చెయ్యి బాగైంది కదా?" అన్నాను.

"అయింది మేడం. గిది గూడ నా చెయ్యే గద," అని ముందుకు నడిచింది.